వాళ్ళు మళ్ళీ మాట్లాడుకున్నారా?

హియరింగు ముగిసిన రాత్రి అమ్మకి ఫోను చేయడం నాకు మొదటినుంచీ అలవాటు. ఏ దేశంలో ఉన్నా, అక్కడ ఎంత పొద్దుపోయినా చేస్తాను. ముందు "తిన్నావా?" అంటుంది. ఆ తర్వాత ఎవరు గెలిచారని అడగదు, "తగువు తీరిందా అమ్మడూ?" అంటుంది. తీర్పు రావడానికి ఇంకో ఏడాది పట్టొచ్చమ్మా అంటాను. "ఏడాదా!" అని కాసేపు ఊరుకుని, "సరేలే, వాళ్ళిద్దరూ మళ్ళీ మాట్లాడుకుంటున్నారా మరి?" అంటుంది. పద్దెనిమిదేళ్ళుగా ఇదే ప్రశ్న. మొదట్లో ఏదో ఒకటి చెప్పి మాట మార్చేసేదాన్ని. ఈమధ్య మాత్రం ఫోను పెట్టేశాక కూడా ఆ మాట గదిలోనే ఉండిపోతోంది. మొన్న సింగపూర్లో పదిరోజుల హియరింగు ముగించుకుని, ఫైళ్ళన్నీ పెట్టెల్లో సర్దేసి, హోటల్ కిటికీ దగ్గర నిలబడి ఆలోచించాను. ఇన్నేళ్ళలో నేను వాదించిన కేసుల్లో ఆ రెండు పక్షాలూ మళ్ళీ మాట్లాడుకున్నవి ఎన్ని? వేళ్ళమీద లెక్కపెట్టబోతే ఒక చెయ్యి కూడా నిండలేదు.

అమ్మ అలా అడగడానికి కారణం నేనే. వృత్తిలో చేరిన కొత్తలో "ఏం పనమ్మా నీది?" అని అడిగితే, ఆర్బిట్రేషన్ అంటే ఆవిడకి ఏం తెలుస్తుందిలే అనుకుని, మధ్యవర్తిత్వం అన్నాను. మన పేపర్లు రాసేదీ అదే మాట. ఇద్దర్నీ కూర్చోబెట్టి నచ్చజెప్పి రాజీ కుదిర్చే పనికీ అదే మాట, ఇద్దరి వాదనా విని ఇదీ నా తీర్పు, కట్టుబడి ఉండండి అనే పనికీ అదే మాట. నేను చేసేది రెండోది. అది కూడా తీర్పు చెప్పే కుర్చీలోంచి కాదు, ఒక పక్షం తరఫున వాదించే బల్ల దగ్గరనుంచి. కానీ మధ్యవర్తి అనగానే అమ్మ కళ్ళముందుకి వచ్చేది మా తాతయ్య. ఆవిడ తప్పేముంది?

మా గది ఎలా ఉంటుందో చెప్తే గానీ అమ్మ ప్రశ్న నన్నెందుకు పట్టుకుందో తెలీదు. సింగపూర్లో మాక్స్‌వెల్ చాంబర్స్ అని ఒకప్పటి కస్టమ్స్ భవనం ఉంది. ప్రపంచంలో నలుమూలల తగాదాలు అక్కడికి వస్తాయి. ఇండోనేషియా బొగ్గు, గుజరాత్ రేవు, మంగోలియా గని, అన్నీ ఆ గదుల్లోనే, ఒకే రంగు తివాచీ మీద. ఎదురుగా ముగ్గురు కూర్చుంటారు. ఒకర్ని ఈ పక్షం ఎంచుకుంటుంది, ఒకర్ని ఆ పక్షం, పెద్దగా కూర్చునే మూడో మనిషిని చాలాసార్లు ఆ ఇద్దరూ కలిసి ఎంచుతారు. ఉన్న సమయాన్ని ఇరుపక్షాలకీ సమానంగా పంచుతారు. చదరంగం పోటీల్లో గడియారంలాగే, నేను నోరు తెరిస్తే నా నిమిషాలు కరుగుతాయి, అవతలి లాయరు లేస్తే ఆయనవి. మేం మాట్లాడే ప్రతి మాటా క్షణాల్లో తెర మీద అక్షరాలై పరిగెడుతుంది. సాక్షి గుటక మింగిన చప్పుడు మాత్రం అందులోకి ఎక్కదు. పక్షాలు రెంటికీ విడివిడి గదులు, విడివిడి భోజనాలు. ఒకప్పుడు కలిసి వంతెన కట్టినవాళ్ళు, ఒకరి పిల్లల పెళ్ళికి ఒకరు వెళ్ళినవాళ్ళు, కాఫీ దగ్గర ఎదురుపడితే తలొంచుకుని తప్పుకుంటారు. అది చూసినప్పుడల్లా నాకు కడుపులో ఏదో కలుక్కుమంటుంది. చూడనట్టు నా కాగితాల్లోకి వెళ్ళిపోతాను.

కాగితాల్లోకి వెళ్ళిపోవడం బాగా నేర్పిస్తుంది ఈ వృత్తి. మొదటి మూడేళ్ళూ నా చేత చేయించింది అదే. దావా వేసినవాళ్ళ కాగితాలకి సి-1, సి-2, ఎదుటివాళ్ళవాటికి ఆర్-1, ఆర్-2, ఇలా వేలకి వేలు నంబర్లు వేయడం. ఎనిమిదేళ్ళ కిందటి ఒక ఈమెయిల్లో ఒక ఇంజనీరు విసుగ్గా రాసిన ఒక వాక్యాన్ని తెల్లవారుజామున మూడింటికి పట్టుకోవడం. కేసు మొత్తం ఆ వాక్యం మీద తిరుగుతుంది ఒక్కోసారి. ఆ వెతుకులాట నాకు ప్రాణం. ఎవరికీ కనపడకుండా పోయిన నిజాన్ని కాగితాల గుట్టలోంచి తవ్వి తీసి, పరాయి దేశపు పెద్దల ముందు పెట్టి, ఇదిగో అని చూపించడంలో ఉన్న తృప్తి వేరు. భీమవరం పక్క పల్లెటూరి బళ్ళో తెలుగు మీడియం చదివిన పిల్లకి ఆ గదిలో లేచి నిలబడే చోటు దొరికిందంటే, అది ఈ వృత్తి ఇచ్చిందే. ఆ ఋణం ఉంది కాబట్టే దీని గురించి ఇంత ఆలోచిస్తున్నానేమో.

తగవు అన్న మాటలో నాకెప్పుడూ ఒక వింత కనిపిస్తుంది. ఇప్పుడు మనకి తగువంటే పోట్లాట. పాత తెలుగులో తగవు అంటే న్యాయం, తగినది. తగవు చెప్పేవాడు తగవరి. న్యాయమనే అర్థం జారిపోయి పోట్లాట మిగిలింది. లేక, పోట్లాట లేనిచోట న్యాయం అన్న మాట అవసరమే ఉండదని మాటకి ముందే తెలుసా? ఏమో. మా అమ్మ "తగువు తీరిందా" అంటే నాకు రెండు అర్థాలూ ఒకేసారి వినిపిస్తాయి.

తాతయ్య తగవరి. ఎవరూ నియమించలేదు, జీతం లేదు, చదువు ఐదో తరగతి. నాకు తొమ్మిదో పదో ఏట మా వైపు వరిచేలు ఒక్కొక్కటే రొయ్యల చెరువులయ్యాయి. ఉప్పుటేరు నీళ్ళు తోడి చేలకి పెట్టారు. టైగర్ రొయ్య బంగారం పండించిన రోజులవి. రాత్రుళ్ళు కాపలా గుడిసెల్లో లాంతర్లు, పట్టుబడి రోజున ఐసు లారీలు, కౌంట్ ఎంత పడిందన్న కబుర్లు. మా ఊళ్ళో ఒక చెరువు లీజుదారుకీ పక్క వరిరైతుకీ తగాదా వచ్చింది. ఉప్పు ఊట గట్టు దాటి చేలోకి దిగి నారు ఎర్రబారిపోయింది. ఇద్దరూ తాతయ్య దగ్గరికొచ్చారు. రావిచెట్టు కింద అరుగు మీద ఆయన, చెరోపక్కా వాళ్ళు. నేను అరుగు చివర కాళ్ళాడిస్తూ కూర్చున్నాను. ఇద్దరూ చెప్పింది విన్నాక తాతయ్య తీర్పు చెప్పలేదు. ఊరి మంచినీళ్ళ చెరువునుంచి బిందెలు మోసుకొస్తున్న ఒకావిణ్ణి పిలిచారు. ఆవిడకి ఎవరిమీదా ఫిర్యాదు లేదు, ఆ తగాదాతో సంబంధమూ లేదు. "నీళ్ళెలా ఉన్నాయమ్మా?" అన్నారు. "మేం తాగుతున్నామండి. గేదె ముట్టట్లేదండి" అంది ఆవిడ. తాతయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పిన తీర్పులో వరిరైతుకి ధాన్యం బస్తాలు ఉన్నాయి, రెండు గట్ల మధ్య తవ్వాల్సిన బోదె ఉంది, మంచినీళ్ళ చెరువు వైపు గట్టుని ఎత్తు, మందం పెంచాలన్న మాట కూడా ఉంది. అది ఆ ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

ఆయన్ని దేవుణ్ణి చేయడం నాకిష్టం లేదు. ఆ రోజు ఆ మనిషి అరుగుకి దూరంగా, బిందె దించకుండా నిలబడే జవాబు చెప్పింది. కూర్చోమని ఎవరూ అనలేదు. రాసుకున్న కాగితంలో ఆవిడ పేరు లేదు. మా ఊరి పేటల్లో మనుషులు ఆ అరుగెక్కి అడగగలిగిన రోజులు కావవి. పెద్దమనుషుల పంచాయతీలు ఎన్ని ఊళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళ గొంతు నొక్కాయో మనకి తెలియంది కాదు. అయినా ఆయన ఆవిణ్ణి పిలిచారు. ఎందుకు పిలిచారు? మర్నాడు పొద్దున్న ఆవిడ ఎదురుపడుతుంది కాబట్టా? ఆ నీళ్ళే ఆయనా తాగుతారు కాబట్టా? మా ముగ్గురు పెద్దలూ తీర్పు రాసి ఎవరి విమానం వాళ్ళెక్కి వెళ్ళిపోతారు. ఆ నీళ్ళు వాళ్ళు తాగరు. తటస్థత అంటే అదేనని, అదే మా బలమని నేనే ఎన్నో వేదికల మీద చెప్పాను. నిజమే కూడా.

ఎందుకు నిజమో మర్చిపోకూడదు. 1902లో వెనిజులా అప్పులు తీర్చలేదని బ్రిటన్, జర్మనీ, ఇటలీ యుద్ధనౌకలు పంపి దాని రేవుల్ని దిగ్బంధం చేశాయి. పరదేశంలో పెట్టిన డబ్బు రాబట్టుకోవడానికి అప్పట్లో బలవంతులకి తెలిసిన మార్గం ఫిరంగి. దానికి బదులు ముగ్గురు మనుషులు, ఒక బల్ల, కొన్ని కాగితాలు. ఇది చిన్న విషయం కాదు. రాజ్యం తనమీద వచ్చిన ఫిర్యాదు విని, పరాయివాళ్ళు ఇచ్చిన తీర్పుకి తలవంచి డబ్బు కట్టడం మానవచరిత్రలో ఎప్పుడో గానీ జరగని పని. మన దేశం మీద మొదటి అలాంటి తీర్పు 2011లో వచ్చింది. వైట్ ఇండస్ట్రీస్ అనే ఆస్ట్రేలియా కంపెనీ 1989లో కోల్ ఇండియాతో ఒప్పందం చేసుకుని పిపర్‌వార్ బొగ్గు గనిలో పనిచేసింది. పేచీ వచ్చింది, 2002లో మధ్యవర్తుల తీర్పు కంపెనీకి అనుకూలంగా వచ్చింది. అది అమలు కాకుండా మన కోర్టుల్లో తొమ్మిదేళ్ళు నానింది. చివరికి ఆ కంపెనీ భారత్ మీదే కేసు వేసి గెలిచింది. ఆస్ట్రేలియాతో మన ఒప్పందంలో లేని ఒక హామీని, కువైట్‌తో మన ఒప్పందంలోంచి తెచ్చుకుని మరీ గెలిచింది. ఢిల్లీలో చాలామందికి కోపం వచ్చింది. నాకు మాత్రం ఆ తీర్పు చదువుతుంటే మా జిల్లా కోర్టు వరండాలో సంచీ ఒళ్ళో పెట్టుకుని వాయిదాకీ వాయిదాకీ మధ్య ముసలివాళ్ళయిపోయే రైతులు గుర్తొచ్చారు. తొమ్మిదేళ్ళ ఆలస్యమే అన్యాయం అని ఆ ఆస్ట్రేలియా కంపెనీ చెప్పుకోవడానికి ఒక చోటు దొరికింది. వీళ్ళకి?

అక్కడినుంచి నా ఆలోచన ఎప్పుడూ ఒకే చోటికి వెళ్తుంది. వృత్తిలో చేరిన రెండో ఏడు, పై లాయరు ఒక పాత తీర్పు ఇచ్చి రాత్రికి చదివి సారాంశం రాయమన్నారు. ఏషియన్ అగ్రికల్చరల్ ప్రాడక్ట్స్ అనే హాంకాంగ్ కంపెనీకీ శ్రీలంక ప్రభుత్వానికీ మధ్య కేసు, 1990 జూన్ నాటి తీర్పు. మా రంగంలో అది తొలి మెట్టు. ప్రభుత్వంతో కంపెనీకి విడిగా ఏ ఒప్పందమూ లేకపోయినా, రెండు దేశాల మధ్య ఉన్న పెట్టుబడుల ఒప్పందాన్ని పట్టుకుని ఒక కంపెనీ ఒక దేశాన్ని ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిత్వ కేంద్రానికి, అంటే మేం ఇక్సిడ్ అనే చోటికి, మొదటిసారి లాగింది అక్కడే. అలాంటి ఒప్పందాల కింద మేం వేసే ప్రతి దావా ఆ అడుగుజాడలోదే. సారాంశం రాయడానికి కూర్చున్నాను. రెండో పేజీలోనే ఆగిపోయాను. అది రొయ్యల చెరువు కేసు.

శ్రీలంక తూర్పు తీరం, బట్టికలోవా జిల్లా. హాంకాంగ్ కంపెనీకి వాటా ఉన్న స్థానిక కంపెనీ అక్కడ రొయ్యల ఫారం పెట్టింది. 1987 జనవరి 28న తిరుగుబాటుదారుల కోసం భద్రతా దళాలు ఆ ప్రాంతం మీదికి వెళ్ళాయి. ఆ దాడిలో ఫారం ధ్వంసమైంది. అక్కడ పనిచేసే ఇరవై మందికి పైగా చచ్చిపోయారు. తిరుగుబాటుదారులు ఫారాన్ని స్థావరం చేసుకున్నారని ప్రభుత్వం, దళాలే నాశనం చేశాయని కంపెనీ వాదించాయి. ఎవరి చేతుల్లో ధ్వంసమైందో తేలలేదని మధ్యవర్తులు అన్నారు. కానీ దాడికి ముందే యాజమాన్యంతో మాట్లాడి, అనుమానం ఉన్న మనుషుల్ని శాంతంగా బయటికి పంపించుకునే వీలు ప్రభుత్వానికి ఉందని, ఆ పాటి జాగ్రత్త తీసుకోలేదని, అది ఒప్పందం కింద తప్పని తేల్చారు. చదివేకొద్దీ నాకు ఒళ్ళు జలదరించింది. ముందే మాట్లాడి ఉండాల్సింది అని పెద్దలు తీర్పులో రాశారు! మా తాతయ్య అనే మాటే అది.

తర్వాత లెక్క వస్తుంది. కంపెనీ 80 లక్షల డాలర్లకి పైగా అడిగింది. గుడ్‌విల్లు, రాబోయే లాభాలు నిరూపణ కాలేదన్నారు. ఉన్న ఆస్తుల విలువ కట్టి, అందులో కంపెనీ వాటాకి 4,60,000 డాలర్లూ వడ్డీ ఇవ్వమన్నారు. మధ్యవర్తుల్లో ఒకరు విభేదించారు. ఆ లెక్కలో నేను ఏ తప్పూ పట్టలేను. దావా వేసింది వాటాదారు, ఇచ్చింది వాటాదారు నష్టానికి. చనిపోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళు ఆ కేసులో పక్షం కాదు, కావడానికి ఆ ఒప్పందంలో దారే లేదు. చట్టం సరిగ్గానే నడిచింది. ఆ రాత్రి సారాంశం రాసి పంపించాను. చాలా బాగుంది అన్నారు. అందులో నేను చెరువు విలువ ఎలా కట్టారో పేజీన్నర రాశాను. పనివాళ్ళ గురించి "కొంత ప్రాణనష్టం" అని ఒక ముక్క రాశాను. ఉప్పుటేరు గట్టున కాపలా గుడిసెల్లో లాంతర్లు చూస్తూ పెరిగినదాన్ని, ఆ ముక్క నా చేత్తో రాశాను. ఇన్నేళ్ళయినా అది గుచ్చుకుంటూనే ఉంది.

ఇది సముద్రం అవతలి సంగతే అనుకోవద్దు. మన విశాఖ మన్యంలో జెర్రెల కొండలు ఉన్నాయి, బాక్సైట్ కొండలు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి గనుల లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో చెప్పింది. అందుకని రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థే తవ్వి ఇచ్చేలా ఏర్పాటు చేసి, 2007లో ప్రభుత్వం ఎమిరేట్స్‌లోని రస్ అల్ ఖైమాతో ఒప్పందం చేసుకుంది. మాకవరపాలెం దగ్గర శుద్ధి కర్మాగారం లేచింది. కొండల మీద జనం మాత్రం ఒప్పుకోలేదు. వాళ్ళ ఊటలు, కాఫీ తోటలు, దేవతలు అన్నీ ఆ రాతి మీదే. బాక్సైట్ దిగి రాలేదు. పెట్టుబడిదారు, ఎమిరేట్స్‌తో మన ఒప్పందం పట్టుకుని భారత్ మీద మధ్యవర్తిత్వానికి వెళ్ళాడు. ఒప్పందం చేసుకుని, డబ్బు పోసి కర్మాగారం కట్టినవాడి కష్టం కష్టం కాదని నేను అనను. ఆ పక్షాన నిలబడమన్నా నిలబడి, మాట ఇచ్చారు కదా అని గట్టిగా అడిగేదాన్ని. ప్రభుత్వం తరఫునైనా అంతే గట్టిగా మాట్లాడేదాన్ని. కానీ తగాదా అసలు మొదలైంది ఎవరి "వద్దు"తోనో, ఆ మనుషులు ఏ పక్షమూ కారు. బిందె మోసుకెళ్తున్న మనిషిని పిలిచే అరుగు ఆ ఒప్పందాల్లో లేదు.

తలుపు బొత్తిగా మూసి ఉందని కూడా అనలేను. 2006లో ఇక్సిడ్ నిబంధనలు మార్చి, కేసులో పక్షం కానివాళ్ళు కూడా అనుమతితో తమ మాట రాసి ఇవ్వొచ్చన్నారు. టాంజానియాలో దార్ ఎస్ సలామ్ నగరపు మంచినీళ్ళ కాంట్రాక్టు తగాదాలో ఐదు స్వచ్ఛంద సంస్థలు అలాగే రాసి ఇచ్చాయి. 2008 తీర్పులో మధ్యవర్తులు ప్రభుత్వానిది తప్పేనన్నారు గానీ కంపెనీకి పైసా నష్టపరిహారం ఇవ్వలేదు. మంచి మార్పు. కానీ ఇంగ్లీషులో, వ్రాతపూర్వకంగా, గడువులోపల, లాయర్ని పెట్టుకుని రాయాలి. ఆ బాక్సైట్ కొండలనుంచి చింతపల్లి సంతకి దిగొచ్చే మనిషికి, ముందు అసలు అలాంటి కేసు ఒకటి నడుస్తోందని ఎవరు చెప్తారు?

నా చేతిలో ఉన్నది కొంచెమే. నా కేసుల వివరాలు గోప్యం, ఇక్కడ చెప్పలేను. కానీ ఒక పని కొన్నేళ్ళుగా చేస్తున్నాను. కొత్త ఫైలు రాగానే, సి-1 అని నంబరు వేయడానికి ముందు, ఒక తెల్లకాగితం తీసి, ఈ కేసులో పక్షం కానివాళ్ళెవరో తెలుగులో రాస్తాను. కూలీలు ఎంతమంది, ఊరేది, నీళ్ళెక్కడివి. దాన్ని ఎవరికీ చూపించను. ట్రిబ్యునల్‌కి అది అక్కర్లేదు. కానీ రాజీ మాటలు వచ్చినప్పుడు ఆ కాగితం మరోసారి చదువుకుని నా క్లయింట్లని అడుగుతాను, వీళ్ళ బకాయి జీతాల సంగతి కూడా ఇందులో పెడదామా అని. రెండుసార్లు ఒప్పుకున్నారు. చాలాసార్లు ఒప్పుకోలేదు. ఒప్పుకున్న రెండుసార్లలో ఒకసారి, సంతకాలయ్యాక ఎదుటి కంపెనీ పెద్దాయన లేచి వచ్చి మా పెద్దాయన చెయ్యి పట్టుకుని "మీ అమ్మాయి పెళ్ళయిందా?" అని అడిగారు. ఆ రాత్రి ఫోన్లో అమ్మకి మొదటిసారి సూటిగా జవాబు చెప్పాను. "మాట్లాడుకున్నారమ్మా."

ఈ రంగంలోకి ఇప్పుడు తెలుగు పిల్లలు చాలామంది వస్తున్నారు. హైదరాబాద్‌లో కూడా 2021లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేంద్రం వచ్చింది. సింగపూర్, లండన్, పారిస్, హేగ్, ఎక్కడ చూసినా మనవాళ్ళ గొంతు ఒకటి వినిపిస్తోంది, నాకు గర్వంగా ఉంటుంది. వాళ్ళని ఒకటి అడుగుతాను. ఆ 1990 నాటి రొయ్యల చెరువు తీర్పు ఎలాగూ చదువుతారు, చదవక తప్పదు. దానికి సారాంశం రాసేటప్పుడు, ఆ ఇరవై మందికి పైగా మనుషులకి కనీసం ఒక పూర్తి వాక్యం ఇవ్వండి.